బాలింత కాలి వాపును ఎవరు చూస్తున్నారు?

2024 వేసవిలో మన టీవీ చానళ్లు కోవిషీల్డ్ గురించి గంటల తరబడి చర్చించాయి. ఆ కోవిడ్ టీకా వల్ల అత్యంత అరుదుగా రక్తం గడ్డకట్టవచ్చని, దాన్ని రూపొందించిన ఆస్ట్రాజెనెకా సంస్థ బ్రిటన్ కోర్టు పత్రాల్లో ఒప్పుకోవడమే కారణం. ఎప్పుడో వేయించుకున్న టీకాకు అంత కంగారుపడ్డ మనమే, ఇంట్లో బాలింత కాలు వాస్తే 'నీరు పట్టిందిలే, అదే తగ్గుతుంది' అంటాం. కాలి సిరలో రక్తం గడ్డకట్టినా అలాగే వాస్తుందని తలవం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. దేశంలో అదే అత్యధికం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశ సగటు 21.5. ముహూర్తం కోతల గురించి, ఆసుపత్రి బిల్లుల గురించి కావలసినంత రాశారు. కోత తర్వాత కాళ్ల సిరల్లో ఏం జరుగుతుందో చెప్పేవారే తక్కువ.

కాన్పులో రక్తస్రావం ప్రాణం మీదకు రాకుండా గర్భిణి శరీరం ముందే సిద్ధపడుతుంది. రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లు పెరుగుతాయి. గర్భసంచి పొత్తికడుపు సిరలను నొక్కడంతో కాళ్ల నుంచి రక్తం పైకి రావడం మందగిస్తుంది. ఎడమ కాలికి ఈ బెడద ఎక్కువ. దీనికి కోత తోడైతే సహజ కాన్పుతో పోలిస్తే సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు నాలుగు రెట్లు. కాలి సిరలో పుట్టిన రక్తపు గడ్డ ఊడి, గుండె మీదుగా వెళ్లి ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుంటే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు.

ఇక మన పథ్యాలు. పచ్చి బాలింత నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని గొంతు తడిపి సరిపెడతారు, మంచం దిగనివ్వరు. అమ్మమ్మల ప్రేమను తప్పుపట్టలేం. వారి రోజుల్లో ఈ కోతలు అరుదు. కానీ ఇప్పుడు ఆ దాహమూ, ఆ పడకా రెండూ రక్తం గడ్డకట్టే ముప్పును పెంచేవే. వాచిన పిక్కకు నూనె రాసి గట్టిగా మర్దన చేయడం మరీ ప్రమాదం.

టెన్నిస్ తార సెరెనా విలియమ్స్ 2017లో సిజేరియన్ మరునాడే ఊపిరి అందక, సీటీ స్కాన్ తీయమని పట్టుబట్టింది. మందుల మత్తులో ఏదో అంటోందని నర్సు అనుకుంది. చివరికి స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో గడ్డలు బయటపడ్డాయి. 2011లో అదే గండం గడిచిన అనుభవం ఆమెకు అలా అడిగే ధైర్యమిచ్చింది. మన బాలింతల్లో ఎంతమంది అలా వాదించగలరు?

ఇంగ్లండ్‌లో 2010 నుంచి ఆసుపత్రిలో చేరే పెద్దలందరికీ గడ్డల ముప్పును అంచనా వేస్తున్నారు. మనకూ ఇది అసాధ్యమేమీ కాదు. ఒక్క కాలే వాచిందా, పిక్క నొప్పిగా ఉందా అన్న ప్రశ్నకు ఖర్చు లేదు. అనుమానముంటే సిరల్లో రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఇంజెక్షన్లు తీసుకుంటూనే బిడ్డకు పాలివ్వవచ్చు.

కాన్పు తర్వాతి ఆరు వారాలే అసలు గండం. ఆశా కార్యకర్తలు బిడ్డ బరువు, ఒంటి వేడి చూడటానికి 42వ రోజు వరకు ఎలాగూ ఇంటికి వస్తారు. వారి ఫారంలో తల్లి కాళ్ల గురించి, ఆయాసం గురించి రెండు గళ్లు చేర్చడానికి ఆరోగ్యశాఖకు ఒక్క ఉత్తర్వు చాలు.