పిల్లికి టైటర్ టెస్ట్ చేయించండి, కానీ టీకా ఎగ్గొట్టడానికి కాదు

పిల్లుల్ని పెంచుకునేవాళ్లలో ఈమధ్య ఒక మాట బాగా తిరుగుతోంది, ఏటా సూదులు పొడిపించే బదులు టైటర్ టెస్ట్ (రక్తంలో ఒక జబ్బుకి యాంటీబాడీలు ఎంత ఉన్నాయో కొలిచే పరీక్ష) చేయించి యాంటీబాడీలు ఉంటే టీకా మానేయొచ్చు అని. దీని వెనకున్న భయం నిజమైందే. 1991లో అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ డాక్టర్లు టీకా వేసిన చోట కొన్ని పిల్లులకి కాన్సర్ గడ్డలు వస్తున్నాయని బయటపెట్టారు, అది చాలా అరుదు కానీ వచ్చిందంటే పూర్తిగా కోసి తీసేయడం చాలా కష్టం, అందుకే కాలి కింది భాగంలోనో తోకకో వేయమంటున్నారు. అవసరం లేని డోసు తగ్గించుకోవాలనుకోవడంలో తప్పేం లేదు. నా అభ్యంతరమల్లా అన్ని జబ్బుల్నీ ఒకే గాటన కట్టేయడం మీదే.

పిల్లుల ప్రాణం తీసే వైరస్ జబ్బు పాన్‌ల్యూకోపీనియా విషయంలో టైటర్‌ని నమ్మొచ్చు. ఆ జబ్బు చూసినవాళ్లకి తెలుసు ఎలా ఉంటుందో, కూన నీళ్ల గిన్నె మీదకి తల వాల్చి కూర్చుంటుంది కానీ చుక్క తాగదు, వాంతులు, తెల్ల రక్తకణాలు పడిపోవడం, చూస్తుండగానే చేతిలోంచి జారిపోతుంది. దీనికి టీకా మాత్రం గట్టిది. కార్నెల్ యూనివర్సిటీలో ఫ్రెడ్ స్కాట్ వాళ్లు 1999లో ప్రచురించిన స్టడీలో, కూనలుగా ఉన్నప్పుడు టీకా వేసిన పిల్లులకి ఏడున్నరేళ్ల తర్వాత వైరస్ ఎక్కించి చూస్తే పాన్‌ల్యూకోపీనియా అసలు రాలేదు, జలుబు, నోటి పుళ్లు తెచ్చే హెర్పిస్, క్యాలిసీ వైరస్‌లకి మాత్రం రక్షణ సగం కంటే కాస్త ఎక్కువే మిగిలింది.

ఈ రెండింటి దగ్గరే టైటర్ చేతులెత్తేస్తుంది. ముక్కు, గొంతు లోపలి పొరల్లో, కణాల్లో ఉండే ఇమ్యూనిటీ రక్తపరీక్షలో కనపడదు, రిపోర్ట్ బాగున్న పిల్లికీ జలుబు, నోటి పుళ్లు రావచ్చు. పైగా మన దగ్గర మామూలుగా వేసే టీకాలో మూడూ ఒకే సీసాలో ఉంటాయి, ఒకదానికి యాంటీబాడీలు ఉన్నాయని సీసా మొత్తం పక్కన పెడితే మిగతా రెండూ పోయినట్టే.

మరి టెస్ట్ ఎవరికి పనికొస్తుంది? నా దృష్టిలో అన్నిటికన్నా ముందు కూనలకి. ముర్రుపాలతో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకాని పనిచేయనివ్వవు, అందుకే చివరి డోసు 16 వారాలకో ఆ తర్వాతో పడాలంటారు, ఇంకో నాలుగు వారాలాగి టెస్ట్ చేస్తే టీకా పట్టిందో లేదో తేలిపోతుంది. ఇంతకుముందు టీకాకి తీవ్రంగా రియాక్షన్ వచ్చిన పిల్లి, షెల్టర్‌లో పాన్‌ల్యూకోపీనియా పాకినప్పుడు ఏవి సేఫో తేల్చుకోవడం, వీటికీ బాగా ఉపయోగం.

సూదులు తగ్గాలంటే ఇంకా తేలిక దారి ఉంది. ఇంట్లోనే ఉండే, వేరే పిల్లులతో కలవని పిల్లికి కూనప్పటి కోర్సు, దాని బూస్టర్ అయ్యాక ఈ మూడు జబ్బుల టీకా మూడేళ్లకోసారి చాలని అంతర్జాతీయ వెట్ల సంఘం డబ్ల్యూఎస్‌ఏవీఏ చెప్తోంది, మీ వెట్‌ని ఆ షెడ్యూల్ గురించి అడగండి.

రేబిస్‌కి మాత్రం ఈ లెక్కలేవీ వద్దు, ఒక డోసు ఎంతకాలం పనిచేస్తుందని టీకా లేబుల్ మీద రాసి ఉంటే ఆ గడువు ప్రకారం మళ్లీ వేయించాల్సిందే. హైదరాబాద్ నుంచి జర్మనీకో ఫ్రాన్స్‌కో పిల్లిని తీసుకెళ్లేవాళ్లు రేబిస్ టైటర్ చేయిస్తారు కదా అంటారు, నిజమే, కానీ అది టీకా వేసి కనీసం 30 రోజులయ్యాక తీసిన రక్తంలో మిల్లీలీటరుకి కనీసం 0.5 యూనిట్ల యాంటీబాడీలు ఉన్నాయని చూపించడానికి, ఆ తర్వాత కూడా మూడు నెలలు ఆగాలి, టీకా గడువు దాటిపోయిందా ఆ రిపోర్ట్ చెల్లదు.