రంది సంగతి కూడా అడగండి

బీపీ, షుగర్ గోలీలు ఇచ్చే రోజున ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లోని ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దగ్గర నిలబడినా ఇలాంటి అవ్వ ఒకరు కనిపిస్తారు. చేతికర్ర పక్కన పెట్టి, గోడ పట్టుకుని తూకం మిషన్ ఎక్కుతుంది. "ఒళ్లు బాగా వచ్చిందవ్వా, అన్నం తగ్గించు, రోజూ నడువు" అంటారు. ఆమె తల ఊపి, గోలీల సంచి పట్టుకుని బయటికొచ్చి మెట్ల మీద కూలబడుతుంది. రాత్రి రెండింటి దాకా నిద్ర రావడం లేదని, టీవీ ముందు కూర్చున్నా ఏం చూస్తున్నదో తెలియడం లేదని, ఈసారి బతుకమ్మ ఆడే కాడికి కూడా పోబుద్ధి కాలేదని ఆమె చెప్పలేదు. ఆమె రంది, అంటే మనసులోని దిగులు, ఏమిటని అడిగినవాళ్లూ లేరు.

ఒంటి బరువు, మనసు బరువు ఒకదాన్నొకటి పెంచుతాయి. 15 అధ్యయనాల్లోని 58 వేల మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2010లో వచ్చింది. ఊబకాయం ఉన్నవారికి తర్వాత డిప్రెషన్ వచ్చే అవకాశం 55 శాతం ఎక్కువని, డిప్రెషన్ ఉన్నవారికి తర్వాత ఊబకాయం వచ్చే అవకాశం 58 శాతం ఎక్కువని అందులో తేలింది. ఆ అధ్యయనాలు అమెరికా, యూరప్‌లవి. కానీ అవి చూపించిన దారులు మన ఊళ్లలోనూ ఉన్నాయి. పొట్ట దగ్గర పేరుకున్న కొవ్వు ఒంట్లో వాపును పెంచే రసాయనాలను వదులుతుంది, వాటి ప్రభావం మెదడు దాకా పోతుంది. ఎడతెగని దిగులు కార్టిసాల్ హార్మోన్‌ను పెంచి, కొవ్వును మళ్లీ పొట్టకే చేరుస్తుంది. డిప్రెషన్‌కు వాడే మందుల్లో కొన్ని ఆకలినీ బరువునూ పెంచుతాయి. థైరాయిడ్ మందగిస్తే బరువూ, దిగులూ రెండూ రావచ్చు. ఆ ఒక్క రక్తపరీక్ష ముందే చేయిస్తే కొందరి బాధ తేలిగ్గా తీరుతుంది.

మన దగ్గర దీనికి తోడైనవి ఇంకా ఉన్నాయి. మర్రిగూడ, మునుగోడు వైపు ఒక తరమంతా ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెద్దదైంది. నల్లాల్లో మంచినీళ్లు వచ్చాక పిల్లలకు ఆ గండం తగ్గింది గానీ, అరవై దాటినవాళ్ల బిగుసుకుపోయిన వెన్నూ, మోకాళ్లూ మునుపటిలా వంగవు. అటువంటి మనిషిని రోజూ నాలుగు కిలోమీటర్లు నడవమంటే ఎట్లా? నడవలేదు కాబట్టి బరువు పెరుగుతుంది, పెరిగిన బరువుతో మోకాళ్లు ఇంకా నొస్తాయి. వాకిలి దాటలేక నలుగురి మాటా కరువవుతుంది. పాలమూరు పల్లెల్లో ఇంకో తీరు. కొడుకూ కోడలూ బొంబాయికో, పూనాకో, హైదరాబాద్‌కో పనికి పోతే ఇంట్లో ముసలివాళ్లే మిగులుతారు. ఒక్కరి కోసం కూర ఎవరు వండుకుంటారు? ఇంత అన్నం, ఇంత పచ్చిపులుసు, లేదంటే చాయ్‌లో బన్ను. జొన్న గట్క, జొన్నరొట్టె తిని పొద్దుగూకే దాకా కైకిలి చేసిన ఒళ్లు అది. ఇప్పుడు కైకిలి లేదు, రొట్టె కూడా తగ్గింది, కంచంలో అన్నం మాత్రం అంతే ఉంది. పప్పు, గుడ్డు, పాలు చాలక కండ కరుగుతుంది, కొవ్వు మిగులుతుంది.

అందుకే పెద్ద వయసులో తూకం ఒక్కటే చూసి మాట్లాడటం సరికాదని మా అభిప్రాయం. నడుము కొలత చూడాలి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే జాగ్రత్త పడాలని మన దేశపు నిపుణులు చెబుతున్నారు. ఊరికే అన్నం మానిపిస్తే పోయేది కొవ్వు ఒక్కటే కాదు, ఉన్న కాస్త కండా పోతుంది, మనిషి పడిపోతాడు. కుర్చీలో కూర్చుని లేవడం, కాళ్లు చాపి పైకెత్తడం వంటి కసరత్తులు నేర్పే ఫిజియోథెరపిస్టు మండలానికి ఒకరైనా ఉండాలి. ఈ కసరత్తు మోకాళ్లకెంత మేలో, మనసుకూ అంతే మేలు.

ఇక అడగడం సంగతి. దేశవ్యాప్తంగా 2017–18లో వృద్ధుల మీద జరిగిన సర్వేలో అరవై దాటినవారిలో 8.3 శాతం మందికి డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. తమకు ఆ జబ్బు ఉందని డాక్టర్ చెప్పినట్టు తెలిపినవాళ్లు 0.8 శాతమే. పదిమందిలో తొమ్మిది మంది ఎవరికీ పట్టకుండా మిగిలిపోయారు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చే ఫారంలో నడుము కొలత గడి ఉంది, గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులుగా ఉండటం గురించి రెండు ప్రశ్నలూ ఉన్నాయి. కోడలు పక్కనే నిలబడి ఉండగా "నిరాశ, నిస్పృహ ఉన్నాయా" అని చదివితే ఏ అవ్వయినా "ఏం లేదు బిడ్డా" అంటుంది. అదే పక్కన కూర్చుని "రంది పెట్టుకున్నవా అవ్వా, దేని మీదా మనసు పోతలేదా" అని అడిగితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. చాలామంది ముసలివాళ్లు ఏడవరు కూడా. ఒళ్లు నొప్పులంటారు, నీరసమంటారు, మతిమరుపంటారు. ఆశాలకు ఇచ్చే శిక్షణలో ఈ మాటలన్నీ ఉండాలి.

అడిగితే ఏం ఒరుగుతుందని అనుకునేవాళ్లు గోవా వైపు చూడొచ్చు. అక్కడ అరవై దాటి, దిగులు లక్షణాలు అప్పుడే మొదలైన 181 మంది మీద చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. డాక్టర్లు కాని మామూలు కౌన్సెలర్లు సమస్యలు తేల్చుకోవడం, నిద్ర సరిచేసుకోవడం, బీపీ, షుగర్ చూసుకోవడం నేర్పిన 91 మందిలో నలుగురికే డిప్రెషన్ వచ్చింది. ఆ సాయం అందని 90 మందిలో 13 మందికి వచ్చింది. ఈ పని చేయగల ఆశాలు మనకు ఊరూరా ఉన్నారు. అదనపు పనికి అదనపు పైసలు ఇవ్వాలి, అంతే.

మనసు బాధలకు సాయం చేసే సర్కారు ఫోన్ సేవ టెలీ మానస్ నంబర్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబర్‌ను గోలీల కవర్ మీదే పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలి. డిప్రెషన్ ఉందని తేలిన అవ్వను జిల్లా ఆస్పత్రికి బస్సెక్కి పొమ్మంటే ఆమె పోదు. షుగర్ గోలీ ఇచ్చే కిటికీలోనే, అదే రోజున, డిప్రెషన్ గోలీ కూడా దొరకాలి.