పొగకో రేషన్ కార్డు

జివతి కొండల మీది ఊళ్ళను చూస్తే మహారాష్ట్ర వైపున్న మా రాజురా వాళ్ళకు మొదట్నుంచీ కాస్త కన్నుకుట్టు. పరందోళి, అంతాపూర్, మహరాజ్‌గూడ వగైరా డజనుకు పైగా ఊళ్ళవి. మహారాష్ట్ర లెక్కల్లో చంద్రపూర్ జిల్లా, జివతి తాలూకా. తెలంగాణ లెక్కల్లో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, కెరమెరి మండలం. రెండు రాష్ట్రాలూ మావంటే మావని పట్టుబట్టడంతో అక్కడ ఇంటికి రెండు రేషన్ కార్డులు, మనిషికి రెండు ఓటు కార్డులు, ఊరికి ఇద్దరు సర్పంచులు. బడి కూడా మరాఠీది ఒకటి, తెలుగుది ఒకటి. ఇద్దరు మేనమామలున్న పెళ్ళికూతురికైనా అంత మర్యాద జరగదు.

మా రాజురా కూడా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే. రాష్ట్రాలను విడగొట్టినప్పుడు మా దగ్గర గీత శుభ్రంగా, ఏ అనుమానానికీ తావు లేకుండా పడింది. ఆ శుభ్రతే మా కొంప ముంచింది. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, బొగ్గు గనిలో హిందీ మాట్లాడుకుంటూ ఒక్క కార్డుతో సరిపెట్టుకుంటున్నాం.

అయితే ఇంత ప్రేమ ఒలకబోసే రెండు ప్రభుత్వాలకూ ఒక్క దగ్గర మాత్రం మొహమాటం అడ్డొస్తోంది. ఊరు మాదంటారు, పోడు భూమి మాదంటారు, ఓటరు మావాడంటారు. ఆ ఊళ్ళ మీద తిరిగే గాలి మాదని ఇంతవరకు ఎవరూ దావా వేయలేదు. బల్లార్షా నుంచి జివతి కొండల దాకా ఉన్న ఈ పట్టీలో నేలను పైనుంచే తవ్వే ఓపెన్ కాస్ట్ బొగ్గు గనులున్నాయి, కాగితం మిల్లుంది, కొండల కింద సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, కాస్త పైన 2,920 మెగావాట్ల చంద్రపూర్ థర్మల్ ఉంది. ఇంత ఆస్తి మీద ఎగిరే పొగను అనాథగా వదిలేయడం ఏ సమాఖ్య స్ఫూర్తి? కాబట్టి రెండు రాష్ట్రాల విధానాన్ని పొగకూ వర్తింపజేయాలని, దానికీ చెరో రేషన్ కార్డు ఇవ్వాలని నా ప్రతిపాదన. వినగానే వేళాకోళం అనిపిస్తుంది. చట్టం చదివితే ఆ అనుమానం పోతుంది.

మన జాతీయ వాయు నాణ్యతా ప్రమాణాలు 2009 నవంబరులో వచ్చాయి. మొత్తం 12 పదార్థాలకు హద్దులు పెట్టారు. పీఎం 2.5 అనే సన్న ధూళి రోజు సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు, ఏడాది సగటున 40. దానికంటే లావుపాటి పీఎం 10 అయితే 100, 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5కు ఏడాది సగటు 5 దాటొద్దని చెప్పింది. అంటే భారతీయుడి ఊపిరితిత్తులు ఎనిమిది రెట్లు గట్టివన్న సంగతి వాళ్ళకంటే 12 ఏళ్ళ ముందే మనం కనిపెట్టామన్నమాట. జెనీవాలో కూర్చుని రాసేవాళ్ళకు ఇలాంటివి తెలియవు, పాపం.

హద్దుల కంటే వాటి కింద చిన్న అక్షరాల్లో ఉన్న షరతులే నాకు ఎక్కువ నచ్చాయి. రోజు హద్దును ఏడాదిలో 98 శాతం కాలం పాటిస్తే చాలు. మిగతా 2 శాతం దాటొచ్చు, కానీ వరుసగా రెండు కొలత రోజుల్లో దాటకూడదు. ఏడాది సగటు తీయడానికి వారానికి రెండుసార్ల చొప్పున కనీసం 104 కొలతలు ఉండాలి. గంట గంటకూ వాటంతటవే కొలిచే యంత్రాలు చంద్రపూర్‌లో ఒకటి, దాన్ని ఆనుకున్న ఖుటాలా పారిశ్రామిక వాడ (ఎంఐడీసీ)లో ఒకటి ఉన్నాయి. అవి లేని చోట మనిషి వెళ్ళి తెల్లటి ఫిల్టర్ కాగితం పెట్టి, గాలిని లాగించి, మసిబారాక తీసి తూకం వేయాలి. వారానికి రెండు రోజులు. అంటే ఏడాదిలో 261 రోజులు గాలికి సెలవు. ఇంత ఉదారమైన సెలవులు గనిలో ఏ కార్మికుడికీ లేవు.

యంత్రం ఎక్కడ పెట్టాలన్నదానికీ నిబంధనలున్నాయి. గాలి లాగే మూతి నేలకు 3 నుంచి 10 మీటర్ల ఎత్తులో ఉండాలి. చెట్లకు 20 మీటర్ల దూరం. దగ్గర్లో కొలిమి, చెత్త కాల్చే బట్టీ లాంటివి ఉండకూడదు. ఇవన్నీ యంత్రం ఆరోగ్యం కోసం, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అదే జాగ్రత్త తీసుకుని మనుషులు కూడా కొలిమికి దూరంగా, పది మీటర్ల ఎత్తున ఇళ్ళు కట్టుకుని ఉంటే ఈ గొడవే వచ్చేది కాదు. సాస్తి గని పక్కన క్వార్టర్లు కట్టినవాళ్ళకు ఈ ముందుచూపు లోపించింది.

మా పెద్దమ్మ ఇల్లు ఆ వైపే. పెదనాన్న పాతికేళ్ళ వయసులో మంచిర్యాల వైపు నుంచి గని పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మొన్న వెళ్తే పెద్దమ్మ వరండాలో ప్లాస్టిక్ కుర్చీ తుడుస్తోంది. నాకోసం అనుకుని, "పొద్దున తుడిచినవ్ గద పెద్దమ్మా, మళ్ళెందుకు?" అన్నాను. "పొద్దుగాల్ది పొద్దుగాల్నే పోయింది బిడ్డా, ఇది పదకొండు గంటల్ది" అంది. గుడ్డను వెలుగులోకి పట్టుకుని చూసింది. "నల్లగుంటే మన గనిది. గీతలు గీతలు బూడిద రంగుంటే థర్మల్ది. తెల్లగుండి తడి తగిలితే గట్టి పడిందనుకో, గడ్‌చాందూర్ సిమెంటు దిక్కు గాలి మళ్ళినట్టు." దండెం మీద తెల్ల పంచె ఆరేసి ఉంది, దాని మడత లోపల ఒక రంగు, బయట ఒక రంగు. ఇంకా దిగువన బియ్యపు వడియాల మీద పాత చీర కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. ఏ ధూళి ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చడానికి ప్రభుత్వాలు పెద్ద పెద్ద సంస్థలకు అధ్యయనాలు అప్పగిస్తాయి. పెద్దమ్మకు ఒక పాత బనీను గుడ్డ చాలింది. కాకపోతే ఆవిడ కొలత చెల్లదు. గుడ్డ మూడు మీటర్ల ఎత్తులో లేదు.

బల్లార్షా సంగతి మరీ విచిత్రం. చలికాలం రాత్రి కాజీపేట వైపు నుంచి బండి వస్తుంటే వార్ధా నది దాటేసరికి బోగీలోకి ఒక కంపు వస్తుంది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుని పక్కవాడి వైపు అనుమానంగా చూస్తారు. మనవాళ్ళు "లేవండిరా, బల్లార్షా వచ్చింది" అని పిల్లల్ని తట్టి లేపుతారు. చల్లగాలి బరువెక్కి నేలనంటి ఉంటుంది కాబట్టి ఆ కాలంలో పొగైనా, కంపైనా పైకి పోలేక ఊళ్ళోనే పడి ఉంటాయి. కాగితం కోసం కర్రను గంధకం రసాయనాలతో ఉడికిస్తే కుళ్ళిన గుడ్ల వాసన రావడం సహజం. ఇంతకీ చెప్పొచ్చేదేమంటే, చట్టంలోని ఆ 12 పదార్థాల్లో ఈ వాసన వాయువుల పేర్లు లేవు. కాబట్టి ఆ జాబితా ప్రకారం బల్లార్షాలో కంపు లేదు. ముక్కు ఉన్నవాళ్ళే సర్దుకోవాలి.

మాకు ఘనత లేకపోలేదు. 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ కట్టినప్పుడు చంద్రపూర్‌కు 83.88 మార్కులు వచ్చాయి, దేశంలో నాలుగో ర్యాంకు. ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బాను వెనక్కి నెట్టాం. కోచింగ్ లేకుండా ఈ జిల్లాకు వచ్చిన ర్యాంకుల్లో అదే పెద్దది. 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టి, ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో చంద్రపూర్‌ను చేర్చారు. బల్లార్షాను చేర్చలేదు. నగరపాలిక సరిహద్దు రాగానే పొగ ఆగి, వెనక్కి తిరిగి వెళ్ళిపోతుందని కాబోలు.

థర్మల్ కేంద్రాల గంధకం పొగకు 2015 డిసెంబరులో హద్దులు పెట్టి రెండేళ్ళు గడువిచ్చారు. ఆ 2017 వెళ్ళి 2022 అయింది. తర్వాత ఇంకా జరిగింది. 2025 జులైలో దేశంలో చాలా ప్లాంట్లకు ఆ పొగను కడిగే యంత్రాలే అక్కర్లేదన్నారు. ఇక 1981 నాటి వాయు చట్టంలో చాలా తప్పులకు జైలుండేది. 2024 నుంచి వాటికి జరిమానాయే, పదివేల నుంచి పదిహేను లక్షల దాకా. జైలుకు పంపితే అక్కడ గాలి ఎలా ఉంటుందో ఏమో, అదీ ఆలోచించాలి కదా.

ఇప్పుడు అసలు పథకానికి వస్తాను. దీని ఘనత నాది కాదు, మా పక్కింటి కాకాది. గనిలో ముప్పై ఏళ్ళు హాజరీ గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. నేను పొగను చెరో రాష్ట్రానికి పంచాలంటే, ముందుగా వరుస రోజుల చిక్కు తీర్చాడు. "సోమవారం కొలిచిన పొగ మహారాష్ట్ర ఖాతాల రాయి. గురువారంది తెలంగాణ ఖాతాల రాయి. ఇగ ఎవరికైనా వరుస దినాలెక్కడియి?" నిజమే. హద్దు సోమవారమూ, గురువారమూ రెండు రోజులూ దాటినా, ఒక్కో రాష్ట్రం పుస్తకంలో ఒక్కసారే దాటినట్టుంటుంది.

నేను ఆ తెలివికే మురిసిపోతుంటే కాకా కళ్ళద్దాలు సర్దుకుని ఇంకో మాట అన్నాడు. "మా కాలంల గని లోపల పనిచేసేటోనికి ఏడాదికి 190 హాజర్లు పడకపోతే ఆ యేటి జీతం సెలవు లేకుండె. 189 ఉన్నా లేకుండె. గట్లనే గాలికి 104 ఉండాలంటున్నవ్. రెండు ఖాతాలు జేస్తే చెరొకటి ఎంత?"

"52."

"ఇంకేంది మరి? హాజరు సాల్లేదు. సగటు కట్టరాదు."

సగటే కట్టరానప్పుడు అది 40 దాటిందా 140 దాటిందా అన్న ప్రశ్నే రాదు. రెండు రాష్ట్రాలూ నిజాయితీగా, ఒక్క కొలత కూడా ఎగ్గొట్టకుండా, ఒక్క అంకె కూడా దిద్దకుండా, ఈ పట్టీలో కాలుష్యం ఉందనడానికి ఆధారం లేదని రాసుకోవచ్చు. ఇంత నికార్సైన పద్ధతి ఇంకెక్కడైనా ఉందా?

మిగిలిందల్లా పీల్చిన ధూళి ఎవరి ఆస్తి అన్న చిక్కు. మనిషిని రెండు రాష్ట్రాలూ తమవాడే అంటున్నాయి కాబట్టి ఊపిరితిత్తులు కూడా చెరొకటి తీసుకోవడం న్యాయం. భూగోళం పటంలో పడమర ఎడమవైపు ఉంటుంది కనుక ఎడమది మహారాష్ట్రకు, కుడిది తెలంగాణకు అని రాసిచ్చాను. దగ్గు వస్తే ముందు ఏ వైపు నుంచి వచ్చిందో తేల్చుకుని, ఆ రాష్ట్రం ఆసుపత్రికే వెళ్ళాలి. ఇదంతా కుదిరిందనుకునేసరికి, డిగ్రీ చదివే మా అమ్మాయి వచ్చి కుడి ఊపిరితిత్తికి మూడు భాగాలు, ఎడమదానికి రెండే భాగాలు ఉంటాయని చెప్పింది. దాంతో కాకా రెండు వేళ్ళు ఎత్తి, మహారాష్ట్రకు అన్యాయం జరిగిందని లేచి నిలబడ్డాడు. ఆ మూడో భాగం మీద ఉమ్మడి సర్వే జరిగేదాకా దరఖాస్తు మీద తాను సంతకం పెట్టేది లేదన్నాడు.