థింసాకి పదిహేనుమంది చాలు

ఈసారి ఆగస్టు 9న కూడా ఒక నాయకుడొచ్చి మన్యం గుంపు నాట్యం థింసా ఆడేశారు. ఎవరో చెప్పను, ఏ పార్టీయో చెప్పను, ఎందుకంటే ఈ ఒక్క విషయంలో మన పార్టీల మధ్య ఏ గొడవా లేదు. ఎవరు గెలిచినా మన్యం విషయంలో ప్రభుత్వ విధానం ఒకటే. ఆదివాసీ దినోత్సవం రోజున కొండెక్కడం, థింసా ఆడటం, చీకటి పడకుండా దిగిపోవడం.

ఇదేమంత తేలికనుకునేవాళ్లు ఒకసారి దగ్గరుండి చూడాలి. ఆడవాళ్లు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు చుట్టుకుని వరసగా నిలబడతారు కదా, సరిగ్గా మధ్యలో ఇద్దరిని విడదీసి సార్‌ని అక్కడ ఇరికిస్తారు. బూట్లు విప్పాలా వద్దా అనేది ఎవరూ ముందుగా ఆలోచించి ఉండరు. సార్ పీఏ వైపు చూస్తారు, పీఏ గన్‌మన్ వైపు చూస్తాడు, ఈలోగా డప్పు, తుడుం మొదలైపోతాయి. వరస కుడికి కదులుతుంది, సార్ ఎడమకి కదులుతారు. వరస వంగుతుంది, సార్ అప్పుడే లేస్తారు. పక్కనున్న అమ్మాయి ఉత్త పాదం మీద ఎనభై కిలోల ప్రజాప్రతినిధి బూటు పడుతుంది. ఆ పిల్ల నవ్వుతూనే ఉంటుంది, నవ్వాలని పొద్దున్నే చెప్పి ఉంచారు మరి. "సార్, ఇంకొక్కసారి, ఇటు చూడండి సార్" అంటాడు ఫొటోగ్రాఫర్. మళ్లీ డప్పు. మళ్లీ బూటు. సార్ తలమీద ఒక కొమ్ముల కిరీటం. అది గోదావరి వైపు కోయలది, థింసాకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు, కానీ ఆదివాసీ అంటే కొమ్ములో ఈకలో ఉండి తీరాలని ఏర్పాట్లు చూసిన పెద్దమనిషికి గట్టి నమ్మకం. అది జారి కళ్లమీద పడుతుంది. చివర్లో చేతికి విల్లు ఇస్తారు. కళ్లు కనపడని సార్ బాణం ఎక్కుపెడతారు, నేరుగా కలెక్టర్ గారి వైపు. అందరూ చప్పట్లు కొడతారు, కలెక్టర్ గారు కూడా.

ఇందులో నాకు నచ్చిందొకటి ఉంది. థింసా ఆడించడానికి ఊరి జనాభా ఎంతని ఎవరూ అడగరు. పదిహేనుమంది ఆడవాళ్లుంటే చాలు, కార్యక్రమం జరిగిపోతుంది. అదే రోడ్డు అనండి, అప్పుడు లెక్కలు బయటికొస్తాయి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో వచ్చింది. మైదానంలో అయితే ఊరికి 500 మంది ఉండాలి, మన్యం లాంటి ఐదో షెడ్యూల్ ప్రాంతాలకి దయతలచి 250 చేశారు. 2024లో మొదలైన నాలుగో విడత కూడా, నక్సల్ ప్రభావిత జిల్లాలు మినహా, 250 దగ్గరే కూర్చుంది, అదీ 2011 జనగణన ప్రకారం.

అసలు కొండమీద ఊరంటే ఎలా ఉంటుందో ఈ లెక్క రాసినాయనకి ఎవరైనా చూపించారా? ఊటనీళ్లు, నాలుగు చెక్కల పోడు ఎన్ని కడుపులకి ఆనితే అన్ని ఇళ్లే ఉంటాయి. ఇక్కడ పన్నెండు గడపలు, ఆ తర్వాతి తొమ్మిది గడపలు ఇంకో కొండమీద, మధ్యలో గెడ్డ, అంటే కొండవాగు. పల్లంలో ఊరు పెరిగినట్టు అక్కడ పెరగదు. 2023లో పీఎం జన్‌మన్ వచ్చి, బాగా వెనకబడిన తెగల ఆవాసాలకి 100 మంది ఉన్నా రోడ్డు ఇస్తామంది. సంతోషం, కొన్ని చోట్ల రోడ్లు పడుతున్నాయి కూడా, కాదనను. మరి అరవైమందే ఉన్న ఊరు ఏం చేయాలి? ఇంకో నలభైమందిని కనాలి. కనాలంటే ఆసుపత్రికి వెళ్లాలి, ఆసుపత్రికి వెళ్లాలంటే రోడ్డు ఉండాలి, రోడ్డు రావాలంటే ముందు నలభైమందిని కనాలి. ఇంత గుండ్రంగా థింసా కూడా తిరగదు.

అటవీ శాఖ అనుమతి రావాలండీ అంటారు కొందరు. 2006 అటవీ హక్కుల చట్టం తీసి సెక్షన్ 3(2) చదవండి. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసు ఉంటే రోడ్డుకైనా బడికైనా ఇవ్వొచ్చని రాసి ఉంది. గ్రామసభ అంటే ఆ అరవైమందిలో వయసొచ్చినవాళ్లే. వ్యూ పాయింట్ల దగ్గర అయితే ఉండేది మబ్బులే, అయినా పార్కింగ్ వచ్చేస్తుంది, మబ్బుల జనాభా ఎంతని ఏ ఫైలూ అడగదు.

కాబట్టి నాదొక ప్రతిపాదన. రోడ్డు ఎలాగూ కుదరదు కనక, కర్రకి దుప్పటి కట్టి మనిషిని మోసే డోలీనే అధికారిక రవాణా వ్యవస్థగా గుర్తించండి. కర్ర పొడవు, మందం, దుప్పటి నాణ్యత ఖరారు చేసి టెండర్ పిలవండి. మోసేవాళ్లకి బయోమెట్రిక్ హాజరు పెట్టండి. గెడ్డ దాటేటప్పుడు ఫొటో తీసి యాప్‌లో అప్‌లోడ్ చేస్తేనే బిల్లు అనండి, సిగ్నల్ లేకపోతే పక్క కొండెక్కి పెట్టి రమ్మనండి, అంతసేపూ డోలీని గెడ్డలోనే ఆపమనండి.

ఆ దుప్పట్లో ఎవరుంటారో తెలుసా మీకు? నెలలు నిండిన మనిషి. నొప్పులొచ్చినప్పుడల్లా ఆ గుడ్డనే పిడికిట పట్టుకుంటుంది, ఇంకేమీ దొరకదు పట్టుకోడానికి. వానకి తడిసి దుప్పటి సాగిపోయి, నడుం రాళ్లకి తగులుతుంటే మోసేవాళ్లు కర్రని భుజం మీంచి తలమీదకి ఎత్తుకుంటారు. 108 బండి కొండ కింద, తారు ఆగినచోట ఎదురుచూస్తుంటుంది. కొందరు అక్కడిదాకా రారు. దారిలోనే కంటారు, దారిలోనే పోతారు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో, కింద "తప్పని డోలీ మోత". తప్పనిదేమిటయ్యా? ఎవరికి తప్పలేదు? 250 అని రాసిన చేతికి 20 అని రాయడం రాదా? సిగ్గుండాలి.

మళ్లీ ఆగస్టు 9కి వద్దాం. సార్ వెళ్లిపోయాక గుంపంతా టెంట్ పక్కనే నిలబడి ఉంది, అందరికీ ఒకే రకం చీరలు. పొద్దున తీసుకొచ్చిన జీపు కాన్వాయ్ వెనకాలే దిగిపోయిందట. తారు ఉన్నంతవరకు ఆటోలో వెళ్లి, అక్కణ్నుంచి నడవాలి. పొద్దున మటుకు ఊరి కింద గెడ్డ దాకా రాళ్లూ రప్పల మీదే జీపొచ్చిందని చెప్పింది ఒక పెద్దావిడ. జీపు అంతదాకా వస్తుందా అన్నాను ఆశ్చర్యంగా.

"ఆటున్న రోజు వస్తాది బాబూ" అంది, డప్పు చంకనెట్టుకుంటూ.