అరిగిపోయిన రోమన్ వెండి నాణెం చెత్త కాదు

పాత నాణేలు సేకరించేవాళ్ల గ్రూపుల్లో ఒక సలహా పదేపదే ఫార్వర్డ్ అవుతూ ఉంటుంది. దాని సారాంశం ఇదీ: రోమన్ వెండి నాణెం కొంటే బొమ్మ, అక్షరాలు స్పష్టంగా ఉన్నదే కొనాలి. అరిగినదానికి చారిత్రక విలువ ఉండదు, అది ఎవరిదో కూడా తేలదు. మీద గంట్లు ఉంటే పాడైన సరుకు. లోపల రాగి కనిపిస్తే పారేయాలి. ఎలాగూ కొనేసి ఉంటే బాగా తోమితే కాస్త రేటు పలుకుతుంది.

ఎవరో ఏదో అన్నారులే అని ఊరుకోలేకపోతున్నాను. ఎందుకంటే ఈ మాట నమ్మి, కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చినవాళ్లు అందుబాటు ధరలో దొరికే మంచి నాణేలు వదులుకుంటున్నారు. చేతిలో ఉన్నవాటిని తోమి తోమి పాడుచేస్తున్నారు.

ముందు అసలు సంగతి, అరిగితే చరిత్ర పోతుందన్నది. ఇది పూర్తిగా తలకిందుల వాదన. టంకశాల అచ్చు చెప్పేది నాణెం పుట్టుక గురించే. ఆ తర్వాత అది ఎలా బతికిందో చెప్పేది అరుగుదలే.

రోమన్ సేనాని మార్క్ ఆంటోనీ నాణేలు చూడండి. క్రీ.పూ. 32–31లో, తర్వాత ఆగస్టస్ పేరుతో చక్రవర్తి అయిన ఆక్టేవియన్‌తో ఆఖరి పోరుకు ముందు, సైన్యానికీ నౌకాదళానికీ జీతాలివ్వడానికి ఆంటోనీ పెద్ద ఎత్తున డెనారియస్‌లు (రోమన్ వెండి నాణేలు) కొట్టించాడు. బొమ్మ వైపు తెడ్ల వరుసతో యుద్ధనౌక ఉంటుంది. బొరుసు వైపు మధ్యలో సైన్యపు చిహ్నమైన గద్ద, దానికి అటూ ఇటూ ధ్వజాలు, ఎక్కువ వాటిలో ఒక్కో సైనిక దళం సంఖ్య. క్రీ.పూ. 31 సెప్టెంబరులో గ్రీసు తీరంలోని ఆక్టియమ్ దగ్గర ఆంటోనీ ఓడిపోయాడు. మరుసటి ఏడు ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన నాణేలు మాత్రం చెలామణిలోనే ఉండిపోయాయి.

ఎందుకు ఉండిపోయాయన్నదే ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం. వాటిలో వెండి నాసిరకమని పేరు పడింది. ఆంటోనీ డెనారియస్‌లో ఇనుము కలిపాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు కూడా (కలిపింది నిజానికి రాగి). ఆ చెడ్డపేరే వాటిని కాపాడింది. మంచి వెండి చేతికొస్తే జనం దాచుకున్నారు, నాసిరకాన్ని ఖర్చుపెట్టారు. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి నాణెం బరువునూ అందులోని వెండి పాలునూ తగ్గించాక, పాత మేలురకం నాణేలు మెల్లగా బజారు నుంచి తప్పుకున్నాయి. 107 ప్రాంతంలో ట్రాజన్ చక్రవర్తి బాగా అరిగిన నాణేలను వెనక్కి రప్పించి కరిగించాడు. ఆ మూసలోనూ పడకుండా ఆంటోనీ నాణేలు ఎన్నో చేతులు మారుతూ వచ్చాయి. ఇంగ్లండులో సోమర్సెట్ ప్రాంతంలోని షాప్‌విక్‌లో 1998లో తొమ్మిది వేలకు పైగా డెనారియస్‌ల నిధి దొరికింది. అందులో అన్నిటికంటే కొత్తవి క్రీ.శ. 224 నాటివి, అన్నిటికంటే పాతవి మార్క్ ఆంటోనీవి. అంటే కొట్టిన రెండున్నర శతాబ్దాల తర్వాత కూడా అవి డబ్బుగానే చెల్లాయి. మెరుస్తూ ఉన్న ఆంటోనీ నాణెం ఈ కథ చెప్పలేదు. అది తొందరగానే ఎక్కడో దాక్కుంది. నున్నగా అరిగినదే దీనికి సాక్షి.

స్పష్టమైన నాణేల వల్ల ఉపయోగం లేదని నేననడం లేదు. అచ్చుల వివరాలు పరిశీలించాలంటే అవే కావాలి. మార్కెట్లో వాటికి ధర ఎక్కువన్నదీ నిజమే. కానీ ధర వేరు, చారిత్రక విలువ వేరు. ఆ సలహా ఈ రెంటినీ ఒకే గాటన కట్టేసింది.

ఇక అరిగిన నాణెం ఎవరిదో తేలదన్న మాట. నా దగ్గరున్న ఆంటోనీ డెనారియస్ సంగతే చెప్తాను. నౌక వైపు ఓడ పక్కభాగం దాదాపు చదునైపోయింది, తెడ్లు మాత్రం దువ్వెన పళ్లలా వరుసగా నిలిచాయి. టార్చి వెలుగు పక్క నుంచి ఏటవాలుగా వేస్తే రెండో వైపు ధ్వజాల కర్రలు లేచి కనిపిస్తాయి, మధ్యలో గద్ద రెక్కల నీడ. కింద దళం సంఖ్యలో ఐదు (V) వరకూ చదవగలం, తర్వాత గీతలున్నాయో లేవో తేలదు. ఐదో దళమో, ఆరో, ఏడో చెప్పలేను. కానీ ఎవరు కొట్టించారు, ఏ ఏడాది, దేనికోసం అన్నవి ఇట్టే చెప్పొచ్చు. చాలా అరిగిన నాణేలకు ఈ మాత్రం ఆనవాళ్లు మిగులుతాయి. ముఖం పక్కవాటు, కూర్చున్న దేవత భంగిమ, అంచున మిగిలిన రెండు మూడు అక్షరాలు, తూకం, ఇవన్నీ కలిపి చూడాలి. ఓపిక కావాలి, అంతే.

గంట్ల విషయానికొస్తే, చక్రవర్తులకు ముందటి, రోమన్ రిపబ్లిక్ కాలపు డెనారియస్‌ల మీద చంద్రవంక లాంటివో చుక్కల్లాంటివో చిన్న చిన్న గుర్తులు తరచుగా కనిపిస్తాయి. అప్పటి షరాబులు నాణెం అసలుదా కాదా అని పరీక్షించి వేసినవిగా వాటిని భావిస్తారు. మన వైపూ ఇలాంటివున్నాయి. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో ఒకటిన్నర వేలకు పైగా రోమన్ డెనారియస్‌లు దొరికాయి, ఎక్కువ భాగం ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. దక్షిణ భారతదేశంలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నిటి మీద చిన్న ముద్రలుంటాయి, కొన్నిటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగంటు ఉంటుంది. ఆ గంటు ఎందుకు కొట్టారన్నదానిపై పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అంతటి ప్రశ్నను మోస్తున్న నాణేన్ని పాడైన సరుకు అని ఎలా అనగలం?

లోపల రాగి కనిపించే నాణెం చాలాసార్లు ఆ కాలపు దొంగ నాణెమే. రాగి బిళ్లకు వెండి రేకు తొడిగి అచ్చు కొట్టేవారు. క్రీ.పూ. 81లో రోమ్ నియంత సుల్లా తెచ్చిన చట్టంలో దొంగ వెండి నాణేలకూ శిక్ష ఉండేదంటే ఆ బెడద ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు. షరాబు గుర్తులు దేనికి పుట్టాయో అర్థం కావాలంటే ఇలాంటిది ఒకటి చూడాలి. నిన్నగాక మొన్న తయారైన నకిలీ వేరు, దాంతో దీన్ని కలపకండి. అలాగని అరిగింది కదా, అసలుదే అయ్యుంటుందనీ అనుకోవద్దు. కొత్త నకిలీని పాతదానిలా అరగదీసి అమ్మేవాళ్లున్నారు.

నాకు కోపం తెప్పించేది తోమమనే సలహా. మన ఇళ్లలో వెండి సామాన్లకు విభూతి, చింతపండు, టూత్‌పేస్ట్ వాడటం అలవాటే. రెండు వేల ఏళ్ల నాణెం మీద ఆ పని చెయ్యకండి. మిగిలి ఉన్నదే వెంట్రుకవాసి ఎత్తు, దాన్నీ మీ చేత్తో మీరే చెరిపేస్తారు. పైగా శతాబ్దాల తరబడి మట్టిలో ఉన్న వెండి కొన్నిసార్లు లోపల పెళుసుబారి ఉంటుంది, గట్టిగా నొక్కితే విరుగుతుంది. నలుపెక్కిన పొర ఉంటే ఉండనివ్వండి. విషయం తెలిసిన కొనుగోలుదారు తోమిన నాణేనికి తక్కువే ఇస్తాడు, ఎక్కువ ఇవ్వడు.

ఆ ఫార్వర్డ్‌లో లేని సంగతి ఒకటి చెప్పాలి. అరిగినది చౌక కదా అని, ఎవరో పొలంలో దొరికిందంటే చాటుగా కొనకండి. నాణెం కంటే అది ఏ కుండలో, వేటితో కలిసి, ఎక్కడ దొరికిందన్నదే ఎక్కువ చెబుతుంది. షాప్‌విక్ నాణేలు విడివిడిగా అమ్ముడుపోయి ఉంటే పైన రాసిన కథ తెలిసేదే కాదు. మన దేశంలో 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద వందేళ్లు దాటిన నాణేలూ పురావస్తువులే, వాటిని సొంతంగా విదేశాలకు పంపడం నేరం. కొనేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో రాతపూర్వకంగా అడగండి, ఆ కాగితాన్ని నాణెంతోపాటే దాచండి.