ఇంటి నెట్ జేబులో ఉంటే

ఫోనుకి రీచార్జ్ ఎలాగూ వేస్తున్నాం, రోజుకి 2 జీబీ వస్తోంది, హాట్‌స్పాట్ ఆన్ చేసుకుంటే పోయేదానికి మళ్లీ వైఫై బిల్లు దేనికి? మా శ్రీకాకుళంలో చాలా ఇళ్లలో ఈ మాట వింటున్నాను. 399 రూపాయల ప్లాన్‌కి 18 శాతం జీఎస్టీ కలిపితే 471 అవుతుంది. నెలజీతం మీద బతికే ఇంటికి అది తేలిక మొత్తమేమీ కాదు. ఆ లెక్క వేసుకునే మేమూ నిరుడు కనెక్షన్ తీయించేశాం. మూడు నెలలు తిరక్కుండానే మళ్లీ పెట్టించుకున్నాం.

పొద్దున్న నేను ఆఫీసుకి బయల్దేరితే నెట్ కూడా నాతోనే వెళ్లిపోయేది. పాపకి బడి సెలవు ఇచ్చినా పాఠాల వీడియో చూసే వీలుండేది కాదు. అమ్మ హైదరాబాద్‌లో ఉన్న చెల్లిని వీడియో కాల్‌లో చూడాలంటే రాత్రి వరకు ఆగాల్సిందే. సాయంత్రం ఏడురోడ్ల కూడలిలో ఏదో పని మీద ఆగితే చాలు, "నాన్నా, ఎప్పుడొస్తావు?" అని ఫోను. అడుగుతున్నది నా కోసమా, నెట్ కోసమా అని మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత బాధేసింది.

అసలు తేడా ఇక్కడే ఉంది. బ్రాడ్‌బ్యాండ్ ఇంట్లో అందరిదీ. హాట్‌స్పాట్ ఫోనున్నవాడిది. మన జిల్లాలో ఈ తేడా మరీ బరువైనది. విశాఖకో, హైదరాబాద్‌కో, చెన్నైకో పనికి వెళ్లే మగవాళ్లతో ఇంట్లోని మంచి ఫోన్ కూడా వెళ్లిపోతుంది. మిగిలేది ముసలివాళ్లు, ఆడవాళ్లు, చదువుకునే పిల్లలు. నెట్ అవసరం ఎక్కువున్నది వాళ్లకే. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెట్, టీవీ, ఫోన్ కలిపి 149 రూపాయలకే ప్యాకేజీ ఇచ్చారు. అలాంటి చిన్న ప్లాన్ ప్రతి ఊళ్లోనూ ఉండాలి, వేగం తక్కువైనా సరే.

డేటా సంగతి కూడా చూద్దాం. రోజుకి 2 జీబీ అంటే 28 రోజులకి 56 జీబీ. హెచ్‌డీలో సినిమా చూస్తే గంటకి 3 జీబీ దాకా పోతుంది. కోటా అయ్యాక వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, ఒక ఎంబీ ఫోటో వెళ్లడానికి రెండు నిమిషాలు. 399 తరహా ఇంటి ప్లాన్లలో నెలకి 3,300 జీబీ వరకూ వేగం తగ్గదు.

5జీలో అన్‌లిమిటెడ్ ఉంది కదా అంటారు. నిజమే, ఫోనూ ప్లానూ దానికి తగ్గవైతే. కానీ సిగ్నల్ 4జీకి దిగిందంటే మళ్లీ రోజు కోటా నుంచే కోత పడుతుంది. పాత ఫోన్‌లో ఇంకో సిమ్ వేసి కిటికీ దగ్గర వదిలేసేవాళ్లూ ఉన్నారు. నెట్ ఇంట్లో ఉంటుంది, అది మంచిదే. అయితే రోజంతా చార్జింగ్‌లో ఉంచితే ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. దానికంటే సిమ్‌తో నడిచే చిన్న రౌటర్ కొనుక్కోవడం నయం. ఎచ్చెర్లలో గది తీసుకుని ఒంటరిగా చదువుకునే కుర్రాడికైతే హాట్‌స్పాట్ చాలు. అతనెక్కడుంటే అతని ఇల్లూ అక్కడే.

హాట్‌స్పాట్‌ని పూర్తిగా వదిలేయమని కూడా చెప్పను. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి. మన దగ్గర ఫైబర్ కేబుల్ చాలాచోట్ల ఆ స్తంభాల మీదుగానే వస్తుంది. కరెంటు పోతే రౌటరూ ఆగిపోతుంది. టవర్లు కూడా బ్యాటరీ, డీజిల్ ఉన్నంతసేపే. అందుకే అక్టోబర్, నవంబర్ నెలల్లో నా ఫోన్ ప్లాన్ అయిపోకుండా చూసుకుంటాను, పవర్ బ్యాంక్ నిండా చార్జ్ చేసి అమ్మ మంచం పక్కన పెడతాను.