మేడమీది టమాటాకు మద్దతు ధర ఎప్పుడు?

వేసవి సాగు మీద ఎన్ని సమీక్షా సమావేశాలు జరిగినా, మేడ మీద సాగు గురించి ఒక్క అధికారీ నోరు మెదపకపోవడం విచారకరం. ఉగాది ఇలా వస్తుందో లేదో బెజవాడ అపార్టుమెంట్లలో రిటైరైన బ్యాంకు మేనేజర్లూ, ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకునే సాఫ్ట్‌వేరు కుర్రాళ్లూ కొబ్బరిపొట్టు ఇటుకలు నానబెట్టి, పశువుల ఎరువు బస్తాలు లిఫ్టెక్కించి, టమాటా నారు నాటేస్తున్నారు. లిఫ్టులో ఆ వాసన వారమైనా పోదు. అయినా ఈ విస్తీర్ణం ఊరి భూమి, పంటల లెక్కలుండే ఏ అడంగల్లోనూ ఎక్కదు. వేసిన పంటను ప్రభుత్వం ఆన్‌లైన్లో ఎక్కించే ఈ-క్రాప్ నమోదు లేదు, పంటల బీమా లేదు, కోతులొచ్చి పీకేస్తే పంచనామాకు వచ్చే నాథుడు లేడు.

ఈ మహోద్యమానికి ఊపిరి పోసింది 2023 జులై. మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా 200 రూపాయల దాకా ఎగబాకిన నెల అది. రైతుబజార్లో ప్రభుత్వం కిలో 50కి ఇస్తుంటే ఎండలో క్యూ కట్టినవాళ్లంతా, ఇంటికి రాగానే పాత పెయింటు డబ్బాలకు అడుగున చిల్లులు పొడిచారు. విత్తనం వేశాక కాయ ఎర్రబడటానికి మూడు నెలలైనా పడుతుందన్న సంగతి ఆ ఆవేశంలో ఎవరికీ గుర్తు రాలేదు. సెప్టెంబరులో ధర కుప్పకూలి రైతులు సరుకును రోడ్ల మీద పారబోస్తున్న రోజుల్లో మన మేడల మీద తొలిపూత విచ్చుకుంది. అంతటి సమయస్ఫూర్తి గలవాళ్లం గనుకే, టమాటాకు ఏ కాలం బొత్తిగా గిట్టదో వెతికి పట్టుకుని, అప్పటినుంచీ వేసవినే ఖాయం చేసుకున్నాం.

మొక్కది తప్పేమీ లేదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల వైపు. పగటి ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్లు కూడా 24కి దిగకపోతే పుప్పొడి పనికిరాకుండా పోతుంది. పువ్వు బాగానే పూస్తుంది. రెండు రోజులకు కాడ మీది కణుపు దగ్గర పసుపు తిరుగుతుంది, వేలు తగిలితే చాలు టప్పున రాలుతుంది. మనమేమో రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, అర్ధరాత్రి కూడా చెప్పుల్లేకుండా కాలు మోపలేని శ్లాబు మీద దాన్ని నిలబెట్టి, "ఎందుకు కాయవు?" అని నిలదీస్తాం. వేసవిలోనూ టమాటా పండించే మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. మన మేడ ఎత్తు అయిదు అంతస్తులే. ఆ మిగతా ఎత్తును పట్టుదలతో పూడ్చాలని మనవాళ్ల సంకల్పం.

పూత రాలిందని తెలిస్తే చాలు, సలహాలకు మాత్రం కరువుండదు. నీళ్లు ఎక్కువయ్యాయంటాడు ఒకాయన. తక్కువయ్యాయంటాడు ఇంకొకాయన. పుల్ల మజ్జిగలో ఇంగువ కలిపి చల్లమంటుంది మూడో అంతస్తు వదినగారు. ఇక ఆవాలూ ఎండుమిరపకాయలూ వేయిస్తే మొక్కకు తాళింపు కూడా పూర్తవుతుంది. "ఇవన్నీ కాదు బాబూ, దిష్టి. ఎదురింటావిడ ఫోటో తీసుకెళ్లిన రోజే అనుకున్నాను" అని పక్క ఫ్లాటు పిన్నిగారు తేల్చేస్తారు. పక్క బ్లాకు మాజీ మేనేజరుగారిది శాస్త్రీయ దృక్పథం. టమాటా పువ్వును కదిలిస్తే పుప్పొడి రాలి కాయ కడుతుందని ఎక్కడో చదివి, అమెరికా నుంచి అల్లుడు పంపిన బ్యాటరీ టూత్‌బ్రష్షుతో రోజూ పొద్దున్నే పువ్వు పువ్వుకీ పళ్లు తోముతున్నారు. పద్ధతి నిజమైనదే, చల్లటి దేశాల్లో పనిచేస్తుంది కూడా. పుప్పొడికే ప్రాణం లేనప్పుడు బ్రష్షు మాత్రం ఏం చేస్తుంది? ఆయన పళ్లు ఇప్పుడు దేంతో తోముకుంటున్నారని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అంతటి తపస్సుకు ఫలితం దక్కింది. ఒక కాయ. ఆకుపచ్చ నీడవల కింద, పాత జరీ పంచె నీడలో, ఆకుముడత తెగులునూ పిండినల్లినీ తప్పించుకుని నిమ్మకాయంత అయింది. పైన చూస్తే నిగనిగలాడే ఎరుపు. తిప్పి చూస్తే అడుగున నల్లగా, చదునుగా, తోలులా గట్టిపడిన మచ్చ. ఒక పూట ముంచెత్తి, ఒక పూట ఎండగడితే కాయ కొసకు సున్నం (కాల్షియం) అందక వచ్చే కుళ్లు అది. మేనేజరుగారు మచ్చ కెమెరాకు కనపడకుండా అరచేతిలో పట్టుకుని ఫోటో దిగారు. సాయంత్రం ఆ కాయ సగం పప్పులో పడింది. ఇంటిల్లిపాదీ కళ్లు మూసుకుని నమిలి, "మందుల్లేని రుచే వేరు" అన్నారు. పప్పులో పులుపంతా చింతపండుదేనని వండిన ఇల్లాలికి తెలుసు. ఆవిడ వడ్డించుకుంటూ పోయింది.

ఇక్కడే అసలు విధానపరమైన ప్రశ్న తలెత్తుతుంది. సాగు ఖర్చుకు కనీసం 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని స్వామినాథన్ అధ్యక్షతన ఏర్పాటైన జాతీయ రైతు కమిషన్ ఎప్పుడో చెప్పింది. మేనేజరుగారు ఆ సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించి లెక్క కట్టారు: సంచులు, ఎరువు, వేపనూనె, నీడవల, నీళ్ల ట్యాంకరులో తన వాటా, రోజుకు రెండు గంటల కుటుంబ శ్రమ, టూత్‌బ్రష్షు తరుగుదల. ఆ లెక్కన ఆ కాయ ధర చూస్తే దాన్ని పప్పులో కాదు, బ్యాంకు లాకరులో పెట్టాల్సింది. అసలు మద్దతు ధరల జాబితాలో టమాటాయే లేదని తెలిసి ఆయన ఎంతో బాధపడ్డారు. రైతు బతుకు ఎంత కష్టమో ఇప్పుడు అర్థమైందని గద్గద స్వరంతో చెప్పి, సంచీ పట్టుకుని రైతుబజారుకు వెళ్లి, "ఏంటమ్మా ఈ రేటు? మేమూ పండిస్తున్నాం, మాకు తెలీదా! యాభైకి మూడు కిలోలు వెయ్యి" అని అరగంట బేరమాడి, పైన కొత్తిమీర కట్ట కొసరు తీసుకున్నారు.

అదే మేడ మీద పిట్టగోడ మూల పగిలిన బకెట్టులో గోంగూర మొలిచింది. ఎవరు వేశారో తెలీదు. పక్కనే తీగబచ్చలి డిష్షు యాంటెనా మీదుగా ఎగబాకి టీవీని ఆపేసింది. తోటకూర కోసినకొద్దీ వస్తోంది. బెండకాయలు ఒక పూట చూడకపోతే ముదిరిపోతున్నాయి. వీటికి నీడవల లేదు, మజ్జిగ లేదు, ఫోటో లేదు. బెజవాడ ఎండ వాటికి అలవాటే. అలవాటైనదాన్ని పండిస్తే అందులో గొప్పేముందని కాబోలు, మేనేజరుగారు ఆ గోంగూరను పనమ్మాయికి రోజూ దానం చేస్తున్నారు. ఆ అమ్మాయి మొహమాటానికి తీసుకెళ్తోంది. వాళ్ల ఇంటి ముందూ అదే గోంగూర.

కిందటి ఆదివారం అపార్టుమెంటు సంఘం సమావేశంలో ఈ విషయాలన్నీ చర్చకు వస్తాయనుకున్నాం. రాలేదు. అయిదో అంతస్తు ఆయన లేచి, పైన పోసే నీళ్లకు తన పడగ్గది సీలింగు చెమ్మెక్కి, ఫ్యాను కొక్కెం చుట్టూ పుట్టగొడుగులు మొలిచాయని ఫోన్లో ఫోటోలు తిప్పి చూపించాడు. మేనేజరుగారు కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ఇంత నడివేసవిలో ఎలా వచ్చాయండీ?" అన్నారు. "కొబ్బరిపొట్టు ఏమైనా వాడారా?"